నలుగురి పాసు

నేను పనిచేసిన పత్రికలో చాలాకాలం ఆదివారం పేజీలు చూశాను. వేసవి సెలవులు దగ్గరపడ్డాయంటే ఆ పేజీల్లో ఒక వ్యాసం తప్పకుండా ఉండేది. పిల్లలతో వింతలు విశేషాలు చూడబోయేవాళ్ళు ఎక్కడికక్కడ టికెట్లు కొనుక్కోవడం మేలా, అన్నిటికీ కలిపి ఒకే పాసు తీసుకోవడం మేలా అన్నది విషయం. రాసే మనిషి మారినా వ్యాసం మారేది కాదు. ఎన్ని చోట్లకు వెళ్ళగలరు, పిల్లల ఎత్తెంత, లోపల తిండికి ఎంతవుతుంది, గడువు ఎప్పటిదాకా ఉంది, ఇవన్నీ చూసుకుని కొనమని చెప్పి ముగించేవాళ్ళం. పక్కన నవ్వుతున్న కుటుంబం ఫొటో ఒకటి వేసేవాళ్ళం.

ఉద్యోగం అయిపోయాక, చలి తగ్గుముఖం పట్టిన రోజుల్లో, మా చెల్లెలు అదే విషయం అడగడానికి ఫోన్ చేసింది.

"అన్నా, నువ్వు పేపర్లో ఇట్టాంటివి రాసేవాడివి గదా. ఒకటి లెక్క చూసి చెప్పు."

మద్రాసులో ఐదు చోట్లకు చెల్లే కుటుంబం పాసు ఒకటి ఆమె ఫోన్‌లో చూసింది. నీళ్ళ ఆటల పార్కు, తల మీదుగా చేపలు ఈదే అద్దాల సొరంగం, మంచు గది, మైనపు బొమ్మల ప్రదర్శన, జంతువుల పార్కు. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు. ఒక్కో చోటికి ఒక్కసారి. కొన్న రోజు నుంచి నాలుగు నెలలు గడువు.

లెక్క చూశాను. నాలుగు చోట్లకు వెళ్తే పాసు గిట్టుతుంది. మూడైతే అటూ ఇటూ సమానం. రెండే చూసి తిరిగొస్తే నష్టం. పైగా వాళ్ళ చిన్నమ్మాయి ఇంకా ఒకటో తరగతి. దాని ఎత్తుకు చాలా చోట్ల సగం టికెట్టే. పాసులో మాత్రం దాన్ని పూర్తి మనిషిగానే కట్టారు.

"వెళ్ళేటప్పుడు టికెట్లు కొనుక్కోమ్మా. అదే మేలు," అన్నాను.

"పోయేటప్పుడంటే ఎప్పుడన్నా? టికెట్లు ఎప్పుడైనా కొనుక్కోవచ్చులే అనుకునే గదా ఇన్నేళ్ళూ పోలా. పాసైతే గడువుంటాది. దుడ్లు వృథాగా పోతాయని చెప్పి మీ బావను గుంటకాడి నుంచి లాక్కోని పోవచ్చు."

మా పేజీల్లో ఎవరూ రాయని సంగతి అది. ఆమెకు కావలసింది తగ్గింపు కాదు, గడువు.

మా చెల్లెలి ఊరు నెల్లూరికి తూర్పున, సముద్రానికి దగ్గర. ఆ చుట్టుపక్కల వరి పండిన మడులన్నీ ఇప్పుడు రొయ్యల గుంటలు. బావ రెండు గుంటలు లీజుకు తీసుకుని సాగు చేసేవాడు. గుంట అంటే ఉప్పునీటి మడుగు కాదు, పసిబిడ్డ. నీళ్ళలోకి గాలి కొట్టే చక్రాలు రాత్రంతా తిరుగుతూనే ఉండాలి. కరెంటు పోతే ఆ క్షణాన లేచి జనరేటర్ వేయాలి. కాస్త ఆలస్యమైతే తెల్లారేసరికి రొయ్యలు తేలిపోతాయి. అందుకని బావ గట్టు మీద రేకుల షెడ్డులోనే పడుకునేవాడు. భోజనం క్యారియర్‌లో వెళ్ళేది. అక్కడ ఇద్దరు రైతులు ఎదురుపడితే పిల్లల చదువులు అడగడానికి ముందు గుంటకు ఎన్ని రోజులని అడుగుతారు.

ఆ ఇళ్ళలో పెళ్ళి ఆల్బమ్‌లు చూస్తే నాకు మొదట్లో అర్థమయ్యేది కాదు. మొగుడు ఒక ఫొటోలో అక్షింతలు వేస్తుంటాడు, పెళ్ళాం ఇంకో ఫొటోలో. ఒకే పెళ్ళికి ఒకరు రాత్రి వెళ్ళి వస్తారు, ఇంకొకరు తెల్లవారుజామున బయల్దేరతారు. ఎవరో ఒకరు గుంట దగ్గర ఉండాలి కదా. మా చెల్లెలు, బావ, ఇద్దరు ఆడపిల్లలు నలుగురూ కలిసి చూసిన వింత ఏదైనా ఉందంటే శ్రీహరికోట నుంచి రాకెట్ పైకి లేవడమే. అది గుంట గట్టు మీద నుంచే కనిపిస్తుంది కనక.

ఒక్క రోజు, నలుగురూ ఒకే కారులో ఊరు దాటి వెళ్ళాలన్నది ఆమె కోరిక. అంతకు మించి ఆమె ఎప్పుడూ ఏమీ అడగలేదు.

గుంటలోకి రొయ్యపిల్ల వదిలే ముందురోజు నేను అక్కడికి వెళ్ళాను. గట్టు ఎక్కాలంటే ముందు ఊదారంగు మందు కలిపిన నీళ్ళ తొట్టిలో కాళ్ళు ముంచాలి. ఇంకొకరి గుంట మీద నడిచొచ్చిన కాళ్ళు రోగం తెస్తాయని. చెప్పులు బయటే వదిలి కాళ్ళు ముంచుతుంటే షెడ్డులోంచి బావ కేకేశాడు.

"బాగా ముంచు బావా. పేపరోళ్ళ కాళ్ళు యాడయాడ తిరిగుంటాయో!"

షెడ్డులో మంచం మీద మా చెల్లెలు కూర్చుని ఉంది. క్యారియర్ విప్పుతూనే పాసు సంగతి మొదలుపెట్టింది. ఆమె లెక్క ఇదీ. పిల్ల వదిలే రోజే పాసు కొంటుంది. పంట చేతికి రావడానికి మూడున్నర నెలలు పడుతుంది. పాసుకు నాలుగు నెలలు. రొయ్యలు పట్టి అమ్మడం అయిపోయి, గుంట ఎండబెట్టే రోజుల్లో పది పదిహేను రోజులు మిగులుతాయి. అప్పటికి బడులకూ సెలవులుంటాయి.

బావ అన్నం కలుపుతూ విన్నాడు. నవ్వాడు.

"లెక్క బాగుండాది మే. అయితే ఒకటి విను. పంట బాగుండి, రేటు లేదనుకో, ఇంకో నెల పెంచి పెద్ద సైజు చేస్తా. అప్పుడు నీ పాసు ఏమవుద్ది?"

"మురిగిపోతాది."

"రేటుండి, పంటా బాగుంటే రెండో గుంట వెనకనే ఉంటాది. అది ఇరవై రోజులు లేటు. దాన్నొదిలి యాడికొస్తా?"

"మీ తమ్ముడు చూసుకోడా రెండు రోజులు?"

"వాడి గుంట మీద నుంచి వాణ్ణి నా గట్టెక్కిస్తానా! ఇప్పుడే గదా మీ అన్నకు కాళ్ళు కడిగించినా." ఒక ముద్ద తిని నావైపు తిరిగాడు. "బావా, నువ్వు లెక్కలోడివి, చెప్పు. ఆ పాసు ఒక్క రకంగానే గిట్టుతాది. నడమంతరాన రెండు గుంటలూ పోవాల. అప్పుడు నేను ఖాళీ. ఐదు కాదు, పది చోట్లకు తీసుకోని పోతా."

"ఏం మాటలయ్యా అవి! పిల్ల వదిలే ముందు," అని మా చెల్లెలు క్యారియర్ మూత ఠక్కున పెట్టింది.

అతను నవ్వుతూనే ఉన్నాడు. నేనూ నవ్వాను. అతను చెప్పిన దాంట్లో తప్పేమీ లేదు, అందుకే నవ్వొచ్చిందేమో.

ఆ ఇళ్ళలో ఇంకో కట్టుబాటు ఉంది. పంట కాటా మీద పడేదాకా దాని పేరు చెప్పి ఏదీ కొనరు, కొంటామని అనరు. చీర చూసుకుంటారు, నచ్చిందని పక్కన పెట్టమంటారు, అంతే. డబ్బు కట్టరు. మా చెల్లెలి అత్తగారు ఈ విషయంలో మరీ గట్టి మనిషి. పాసు పంట డబ్బుతో కొనడం లేదు, పిండి వంటలు చేసి అమ్మిన డబ్బుతో కొంటున్నానని మా చెల్లెలు ఆమెకు చెప్పింది. పిల్ల వదిలిన రోజు సాయంత్రమే పాసు కొన్నారు. పెద్దమ్మాయి ఆరో తరగతి. మా చెల్లెలు దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్‌లో నలుగురి పేర్లూ, వయసులూ కొట్టించింది. బావ ఫొటో కావాలంటే దొరకలేదు. మళ్ళీ గుంట దగ్గరికెళ్ళి, షెడ్డు రేకుల ముందు నిలబెట్టి తీసుకొచ్చారు.

రెండు నెలలు బాగానే గడిచాయి. తర్వాత కాలం కాని కాలంలో మబ్బు పట్టి రెండు రోజులు ముసురు కురిసింది. ఎండ వచ్చిన మూడో రోజు పొద్దున బావ ఫోన్ చేశాడు. అతను నాకు పొద్దున్నే ఫోన్ చేసే మనిషి కాదు.

"బావా, కొంగలు వాలినాయి," అన్నాడు.

నేను వెళ్ళేసరికి గట్టు పొడుగునా తెల్లగా కొంగలు. అంచుల వెంట రొయ్యలు నీళ్ళ పైకొచ్చి, ఈదలేక, పక్కకు ఒరిగి ఉన్నాయి. ఒకటి తీసి తల మీది పెంకు ఒలిచి ఎండకు పట్టి చూపించాడు. పెంకు మీద సన్నటి తెల్లమచ్చలు. ఆ రోగానికి మందు లేదు. చేయగలిగింది ఒక్కటే, ఉన్నవాటిని ఉన్నట్టుగా వెంటనే పట్టి అమ్మేయడం. మధ్యాహ్నానికి కొనేవాళ్ళ వ్యాను వచ్చింది. వల లాగుతున్నవాళ్ళు ఎప్పటిలాగే ఒకరినొకరు బూతులు తిట్టుకుంటూ పనిచేస్తున్నారు. ట్రేలలో పడుతున్నవి వేలు పొడుగు కూడా లేవు. వ్యాపారి తరఫు మనిషి ఒక పిడికెడు తీసి చూసి, రేటు చెప్పాడు. బావ బేరం ఆడలేదు. నాలుగు రోజులకు రెండో గుంటా పోయింది.

తర్వాత గుంటలో బ్లీచింగ్ చల్లించాడు. నీళ్ళు అట్లాగే కాలవలోకి వదిలితే పక్కవాళ్ళ గుంటలకూ రోగం పాకుతుందని కొన్నాళ్ళు కట్టేసి ఉంచాడు. చాలామంది ఉంచరు. అతనికీ రోగం ఎవరో వదిలిన నీళ్ళతోనే వచ్చిందని ఊళ్ళో అనుకున్నారు. ఆ మాట అతను ఎత్తలేదు. షెడ్డులోంచి మంచం ఇంటికి తెచ్చేశాడు. ఇంట్లో మంచం వేసుకోవడానికి చోటెక్కడో అతనికి తెలియలేదు. వరండాలో వేసుకున్నాడు.

అత్తగారు మాత్రం ఊరుకోలేదు. నేను ఉన్నప్పుడే, పప్పు చెరుగుతూ, ఎవరితోనో అంటున్నట్టు అంది.

"కాటా పడకముందే ఊరేగింపుకు తయారైతే ఏమవుద్ది? ఇదే అవుద్ది. ఫొటోలంట, పాసులంట."

మా చెల్లెలు పొయ్యి దగ్గరి నుంచి కదల్లేదు. బావ వరండాలోంచే అన్నాడు.

"పాసేం జేసిందిమా? వైరస్ వచ్చింది. నీళ్ళు జేసినాయి, ఆకాశం జేసింది. పప్పు చెరుగు నువ్వు."

ఆ రాత్రి భోజనాల దగ్గర అతనే ఎత్తాడు. "గడువు ఎన్నాళ్ళుండాది మే?"

"ఇంకా నెల పైన. వద్దులే. పోతే పోనీ."

"పోనీ ఏంది? దాని దుడ్లన్నా రాబట్టుకుందాం. ఇప్పుడైతే ఖాళీయే గదా."

మా చెల్లెలు నావైపు చూసింది. కాదని చెప్పమని చూసిందో, అవునని చెప్పమని చూసిందో నాకు తెలియలేదు. పిల్లలు మాత్రం కంచాల ముందు నుంచి లేచి గంతులేశారు.

బడులకు సెలవులిచ్చిన వారంలో నా పాత కారులోనే బయల్దేరాం. నాకు విడిగా టికెట్ కొనుక్కుంటానన్నాను. నాయుడుపేట, సూళ్ళూరుపేట, తడ దాటాం. ముందు సీట్లో బావ దారి పొడుగునా గుంటలు కనిపించిన చోటల్లా తల తిప్పి చూశాడు. "ఈళ్ళకు చక్రాలు చాలవు," "ఈడ నీళ్ళు పచ్చగుండాయి, బాగుండాది" అని తనలో తాను అనుకున్నాడు. వెనక సీట్లో మా చెల్లెలు కొత్త చీర కట్టుకుని, ఒడిలో పులిహోర డబ్బా పెట్టుకుని కూర్చుంది. పార్కు లోపలికి బయటి తిండి రానివ్వరని నేను చెప్పినా తెచ్చింది. గేటు దగ్గర ఆ డబ్బా ఆపేశారు. ఎండలో, కారు నీడలో నిలబడి అందరం అక్కడే తిన్నాం.

నీళ్ళ పార్కులో మామూలు బట్టలతో దిగనివ్వరు. అద్దెకిచ్చే నైలాన్ నిక్కరూ బనీనూ వేసుకుని వచ్చిన బావను చూసి మా చెల్లెలు నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వింది. గుంటలు పోయాక ఆమె నవ్వగా నేను చూసింది అదొక్కసారే.

"ఏందయ్యా ఆ అవతారం!"

"నీ పాసు మహిమ," అన్నాడు.

అలలు వచ్చే పెద్ద తొట్టిలో నలుగురూ చేతులు పట్టుకుని నిలబడ్డారు. నేను గట్టున కూర్చుని చూస్తున్నాను. చిన్నది కేకలు పెడుతోంది. అట్లా ఓ పావుగంట గడిచిందేమో, కరెంటు పోయింది. పాటలు ఆగాయి, అలలు ఆగాయి. జనం సరదాగా హో అని అరిచారు. బావ పిల్లల చేతులు వదిలేసి, జనాన్ని నెట్టుకుంటూ, నీళ్ళలోంచి గట్టు మీదికి ఉరికాడు. తడి కాళ్ళతో నా పక్క నుంచే పరుగెత్తాడు. ఎటు పరుగెత్తాలో తెలియక దుస్తుల గదుల ముందు ఆగాడు. ఈలోగా ఎక్కడో జనరేటర్ మోత మొదలై పాట మళ్ళీ వచ్చింది.

పెద్దమ్మాయి వెనకాలే వచ్చి నిక్కరు అంచు పట్టుకుంది. "నాన్నా, మనది కాదు," అంది.

అతను మళ్ళీ నీళ్ళలోకి దిగలేదు.

ఆ రాత్రి ఒక లాడ్జిలో ఉండి, రెండో రోజు మిగతా నాలుగూ చూశాం. పొద్దున ఎండ ముదరక ముందే జంతువుల పార్కు. తర్వాత అద్దాల సొరంగంలో పిల్లలు తలలు పైకెత్తి నడుస్తుంటే అతను చేపలకేసి చూడలేదు, ఒక మూల గాలి బుడగలు వచ్చే గొట్టం దగ్గర నిలబడ్డాడు. మంచు గదిలో అద్దె కోటు వేసుకుని అందరితో పాటు వణికాడు. మైనపు బొమ్మల దగ్గరికి వచ్చేసరికి ఒక మూల కుర్చీ కనిపిస్తే కూర్చుని నిద్రపోయాడు. ఏళ్ళ తరబడి రాత్రుళ్ళు సరిగ్గా నిద్రపోని మనిషి. తల వాల్చకుండా, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, కదలకుండా నిద్రపోయాడు. ఒక కుటుంబం వచ్చి ఆగింది. అందులో ఒకామె తెలుగులోనే అంది.

"ఈ బొమ్మ ఎవరిదబ్బా? ఎవరో రైతు మాదిరి ఉండాడు. గడ్డం ఎంత బాగా పెట్టినారో చూడు!"

మా చెల్లెలు దూరం నుంచి విన్నది. దగ్గరికెళ్ళి ఆమెతో, "బొమ్మ కాదు, మా ఆయన," అంది. ఆవిడ సిగ్గుపడి క్షమించమంది. మా చెల్లెలు అతన్ని లేపలేదు. అతను లేచేదాకా కుర్చీ పక్కనే నిలబడింది.

ఐదు చోట్లూ పూర్తయ్యాయి. ఏదీ వదల్లేదు. నా లెక్క ప్రకారం పాసు గిట్టడమే కాదు, బాగానే మిగిలింది. ఆ మాట చెబితే, "అయితే లాభమే," అంది మా చెల్లెలు. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు.

బయటికి వచ్చే దారిలో ఒక కౌంటర్ ఉంది. దాని వెనక నీలం చొక్కా వేసుకున్న అమ్మాయి మా తెలుగు విని తెలుగులోకి మారింది.

"మేడమ్, మీ పాసును ఏడాది పాసుగా మార్చుకోవచ్చు. ఎన్నిసార్లయినా రావచ్చు. ఇవాళే అయితే మీరు కట్టిన దాంట్లో సగం తగ్గిస్తాం."

మా చెల్లెలు వద్దన్నట్టు చేయి ఊపి ముందుకు నడిచింది. చిన్నది నిద్రమత్తులో ఆమె భుజం మీద ఉంది. బావ ఆగాడు.

"ఏడాదంతానా?" అన్నాడు.

"ఏడాదంతా సార్."

"నలుగురి పాసు మీద ముగ్గురొస్తే రానిస్తారా?"

"రానిస్తాం సార్. రేటు మాత్రం నలుగురిదే."

మా చెల్లెలు ఆగింది. వెనక్కి తిరిగింది. "ముగ్గురేంది?" అంది.

అతను కౌంటర్ బల్లకేసి చూస్తూ చెప్పాడు. "గుజరాత్‌లో మన నెల్లూరోళ్ళ గుంటలుండాయంట. చూసుకునే మనిషి కావాలన్నారు. జీతం. వస్తానని చెప్పినా. ఈడ లీజు వదిలేసినా."

"ఎప్పుడు చెప్పినావు?"

"రెండో గుంట పోయిన మర్నాడు."

"మళ్ళా ఎప్పుడొస్తావు?"

"పంటకూ పంటకూ నడమ వస్తా."

ఆ నడమ ఎన్ని రోజులుంటాయో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కౌంటర్ అమ్మాయి మా ముఖాలు చూసి, తన కంప్యూటర్ వైపు తిరిగి ఏదో పనున్నట్టు కొట్టసాగింది. పెద్దమ్మాయి తండ్రినీ తల్లినీ మార్చి మార్చి చూసింది.

"పాసుంటే నేను లేకపోయినా పిల్లకాయల్ని తీసుకోని నువ్వు..." అన్నాడు బావ.

"రేటు నలుగురిదేనంట గదా," అంది మా చెల్లెలు. "గిట్టదు." కౌంటర్ వైపు తిరిగి, "వద్దమ్మా," అని, పెద్దదాని చేయి పట్టుకుని కారు నిలిపిన చోటికి నడిచింది.

నేను వాళ్ళ వెనకే కదిలాను. వెనక నుంచి బావ గొంతు వినిపిస్తూనే ఉంది. ముగ్గురికే ఇచ్చే పాసు ఏమైనా ఉందా అని ఆ అమ్మాయిని అడుగుతున్నాడు. లేదు సార్, కుటుంబం పాసంటే నలుగురిదే అని ఆమె చెబుతోంది.